మనోళ్ళెవరు, బయటోళ్ళెవరు: ఆ గీత ఎక్కడ పడుతుంది?

2023 నవంబరు 19 రాత్రి హైదరాబాద్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ ట్రావిస్ హెడ్‌ను తిట్టని ఇల్లు లేదు. అహ్మదాబాద్ వరల్డ్ కప్ ఫైనల్లో 137 కొట్టి కప్పు ఎత్తుకుపోయాడు మరి. నిండు స్టేడియం నోరు మూతపడటం కంటే తృప్తి ఇంకోటి ఉండదని ముందురోజే చెప్పిన కెప్టెన్ పాట్ కమిన్స్ అన్నంత పనీ చేశాడు. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 19న ఐపీఎల్ వేలంలో, సన్‌రైజర్స్ హైదరాబాద్ కమిన్స్‌ను 20.5 కోట్లకు, హెడ్‌ను 6.8 కోట్లకు కొనుక్కుంది. వేసవి వచ్చేనాటికి ఉప్పల్ స్టేడియంలో ఆరెంజ్ జెండాలు ఊపుతూ వాళ్ళ పేర్లు గొంతు చించుకుని అరిచింది ఆ తిట్టినవాళ్ళే. హెడ్ అదే హెడ్, బాదే తీరూ అదే. చొక్కా రంగు మారేసరికి మనోడైపోయాడు.

క్రికెట్ కాబట్టి నవ్వేసి ఊరుకుంటాం. ఇదే బుద్ధి కాలనీలో, కాలేజీలో, ఎన్నికల్లో, ఒక్కోసారి కత్తులు పట్టుకుని గల్లీల్లో కూడా తిరుగుతుంది. అప్పుడు నవ్వు రాదు.

ఈ ప్రస్తావన వస్తే మన దగ్గర రెండు జవాబులు రెడీగా ఉంటాయి. మనిషి పుట్టుకే అంత, ఎవరి గుంపు వాళ్ళది, ఎవరూ మార్చలేరు అనేది ఒకటి. పసిపిల్లలకు ఏ భేదమూ తెలియదు, ఆ విషమంతా పెద్దవాళ్ళు ఎక్కించిందే అనేది రెండోది. మొదటిది రచ్చబండ మాట, రెండోది సభల్లో మాట. రెండింట్లోనూ సగం నిజం ఉంది. నాకు అర్థమైనంతలో సంగతి ఇది: ఏదో ఒక పక్షం కట్టాలన్న తొందర మనిషికి పుట్టుకతోనే ఉంది. ఎవరి పక్షం, ఎవరి మీద అన్నది మాత్రం పుట్టుకతో రాదు. ఊరు, కాలం, ఉద్యోగాలు, కొందరి లాభం కలిసి ఆ గీత గీస్తాయి. ఒకరు గీసిన గీతను ఇంకొకరు జరపగలరు. అలా జరిగిన దాఖలాలు మన ఊళ్ళోనే బోలెడున్నాయి.

ముందు ఆ తొందర సంగతి చూద్దాం. హెన్రీ తాజ్‌ఫెల్ 1919లో పోలండ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో చేరి జర్మన్లకు ఖైదీగా దొరికాడు. బతికి బయటపడి వెతుక్కుంటూ వెళ్తే సొంతవాళ్ళలో దాదాపు ఎవరూ మిగల్లేదు. నిన్నటిదాకా పక్కింట్లో ఉన్న మనిషి ఇవాళ చంపదగ్గవాడు ఎలా అవుతాడు? అతని జీవితాన్ని నడిపిన ప్రశ్న ఇదే. తర్వాత ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్ర ప్రొఫెసర్ అయ్యాక, 1970 ప్రాంతంలో 14, 15 ఏళ్ళ స్కూలు పిల్లలతో ఒక ప్రయోగం చేశాడు.

తెర మీద చుక్కలు చూపించి ఎన్ని ఉన్నాయో అంచనా వేయమన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి, నువ్వు ఎక్కువ చెప్పినవాళ్ళ గుంపు, నువ్వు తక్కువ చెప్పినవాళ్ళ గుంపు అని చెప్పారు. నిజానికి అది ఉత్త లాటరీ, చుక్కలతో సంబంధమే లేదు. తర్వాత ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి, మిగతా పిల్లలకు పాయింట్లు పంచమన్నారు. పాయింట్లంటే చివర్లో చేతికొచ్చే డబ్బు. ఎవరికి ఇస్తున్నారో పేరు తెలియదు, ఒక నంబరూ అతను ఏ గుంపో మాత్రం తెలుసు. తనకు తాను ఇచ్చుకునే వీల్లేదు. అంటే ఏం చేసినా తనకు ఒరిగేది లేదు, పోయేదీ లేదు.

పంపకానికి ఇచ్చిన లెక్కల్లో ఒకటి ఇలా ఉంటుంది. ఒక చివర మన గుంపువాడికి 19, అవతలివాడికి 25. మధ్యలో ఇద్దరికీ 13. ఇంకో చివర మనవాడికి 7, అవతలివాడికి 1. మనవాడి మేలే కోరుకుంటే 19 ఇవ్వాలి. న్యాయం కావాలంటే 13. పిల్లలు మాత్రం 7, 1 ఉన్న చివర వైపు జరిగారు. అంత దాకా పోకపోయినా, మొగ్గు అటే. మనవాడికి తగ్గినా ఫర్వాలేదు, అవతలివాడి కంటే పైన ఉంటే చాలు!

తాజ్‌ఫెల్ అసలు అనుకున్నది వేరు. ఇంత అర్థంలేని విభజనతో పక్షపాతం పుట్టదు, ఇక్కణ్ణుంచి ఒక్కో కారణం కలుపుతూ పోతే ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది అన్నది అతని ప్లాను. సున్నా దగ్గరే పుట్టేసింది. ఈ లెక్క మనకు కొత్తదేం కాదు. అయినవారికి ఆకుల్లో, కానివారికి కంచాల్లో అని మనవాళ్ళు ఎత్తిపొడిచేది బయటివాళ్ళకు మర్యాద ఎక్కువ చేసినవాణ్ణే కదా. ఇక హీరోల ఫ్యాన్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అవతలి హీరో సినిమా పోయిందంటే మన హీరో హిట్టు కొట్టినదాని కంటే సంబరం.

ఈ తొందర ఎక్కడిదంటే, మన జాతి చరిత్రలో అత్యధిక కాలం మనుషులు చిన్న చిన్న బృందాలుగా బతికారు. వేట పంచుకోవాలి, పిల్లల్ని కలిసి పెంచాలి, జబ్బు చేసినవాడికి ఇంకొకడు తిండి తేవాలి. నమ్మదగ్గవాడెవడో క్షణంలో తేల్చుకోలేనివాడు ఎక్కువ కాలం బతకలేదు. సొంతవాళ్ళ కోసం ప్రాణం ఇచ్చే గుణం, బయటివాడి ప్రాణం తీసే గుణం జంటగా పెరిగి ఉంటాయని కొందరు పరిశోధకుల వాదన. చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ టాంజానియాలోని గోంబేలో చూసింది దీనికి బలం చేకూర్చింది. ఒకే గుంపుగా ఉన్న చింపాంజీలు రెండుగా చీలాయి. 1974 నుంచి 1978 దాకా ఉత్తరం గుంపు మగవి దక్షిణం గుంపు మగవాటిని ఒక్కొక్కటిగా వెంటాడి చంపేశాయి. కొన్నేళ్ళ కిందటి దాకా ఒకదానికొకటి పేలు చూసుకున్నవే అవన్నీ.

కథ అక్కడితో ఆపేస్తే మాత్రం మోసం అవుతుంది. చింపాంజీలు మనకు ఎంత దగ్గరి చుట్టాలో బోనోబోలనే మరో రకం వానరాలూ అంతే. కాంగోలోని కొకొలొపోరి అడవిలో వేర్వేరు బోనోబో గుంపులు ఎదురుపడితే కలిసి తిరగడం, తిండి పంచుకోవడం కూడా కనిపించిందని 2023లో వచ్చిన పరిశోధన చెప్పింది. చుట్టాల్ని సాక్ష్యానికి పిలిస్తే చెరో మాటా చెప్పారన్నమాట.

పసిపిల్లల సంగతి ఇంకా ఆసక్తికరం. మూడు నెలల పిల్లలకు ముఖాల బొమ్మలు చూపిస్తే, తమ చుట్టూ ఉండే జాతి ముఖాల వైపే ఎక్కువసేపు చూస్తారు. ఇజ్రాయెల్‌లోని తెల్లజాతి పిల్లలు తెల్లవాళ్ళ వైపు, ఇథియోపియాలో పెరుగుతున్నవాళ్ళు నల్లవాళ్ళ వైపు. ఇథియోపియా నుంచి ఇజ్రాయెల్ వచ్చి, రెండు రంగుల మనుషులూ తిరిగే చోట పెరుగుతున్న పిల్లలకు మాత్రం అటూ ఇటూ ఏ మొగ్గూ లేదు. 2006లో తేలిన సంగతి ఇది. పుట్టుకతో వచ్చింది అలవాటైన ముఖాన్ని వెతుక్కునే చూపే. ఏ ముఖం అలవాటు అవుతుందన్నది ఇంటి అడ్రసును బట్టి ఉంటుంది.

పెద్దయ్యాక కూడా గీత గట్టిపడిపోదు. అమెరికాలో రంగు చూడకుండా మనిషిని చూడటం అసాధ్యమని చాలాకాలం అనుకున్నారు. 2001లో కుర్జ్‌బన్, టూబీ, కాస్మిడీస్ అనే ముగ్గురు ఒక పరీక్ష పెట్టారు. రెండు బాస్కెట్‌బాల్ టీముల మధ్య వాదులాట, రెండింట్లోనూ తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఉన్నారు. ఏ మాట ఎవరన్నారో తర్వాత గుర్తు చేసుకోమన్నారు. అందరి చొక్కాలూ ఒకే రంగులో ఉంటే చూసినవాళ్ళు ఎక్కువగా ఒంటి రంగును బట్టి పొరబడ్డారు. టీముకో రంగు చొక్కా వేసేసరికి చొక్కాను బట్టి పొరబడ్డారు, ఒంటి రంగు వెనక్కిపోయింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. జన్మంతా మోసిన గీత, ఇంకో గీత కళ్ళబడగానే మసకబారింది. ఉప్పల్లో జరిగిందీ అదే.

అలాంటప్పుడు కొన్ని గీతలు వందల ఏళ్ళు ఎలా నిలబడతాయి? ఎందుకంటే వాటిని రోజూ ఎవరో ఒకరు మళ్ళీ గీస్తూ ఉంటారు, చాలాసార్లు తెలియకుండానే. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికినవాళ్ళకు ఇది బాగా తెలుసు. టులెట్ బోర్డు చూసి గేటు తీస్తే ఇంటి ఓనరు ఆంటీ మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతారు. "ఎక్కడ బాబూ ఉద్యోగం?" "హైటెక్ సిటీలో, ఆంటీ." "మీదే ఊరు?" "ఖమ్మం దగ్గర." "ఇంటిపేరేంటి?" ఇంటిపేరు వినగానే ఆవిడ మనసులో ఒక లెక్క నడుస్తుంది. లెక్క తేలకపోతే గొంతు కాస్త తగ్గించి, "అంటే... మీరేమిట్లు?" ఆ జవాబును బట్టి ఇల్లు ఉంటుంది, లేదా "మావారితో మాట్లాడి ఫోన్ చేస్తాం బాబూ" అవుతుంది. ఆ ఫోన్ రాదు. పేరు ముస్లింది అయితే ఇంత దూరం కూడా రాదు, ఫోన్లోనే "ఇప్పుడే ఇచ్చేశామండీ" అంటారు. బోర్డు ఇంకో రెండు వారాలు గేటుకి వేలాడుతూనే ఉంటుంది.

ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆ అబ్బాయే గేటు ముందు బండి జారి పడితే పసుపూ నీళ్ళూ పట్టుకుని పరుగెత్తుకొచ్చేది ఆవిడే. కానీ ఇలాంటి చిన్న చిన్న నిర్ణయాలు వేలకు వేలు కలిస్తే నగరం పటం మారిపోతుంది. ఈ వీధి వీళ్ళది, ఆ బస్తీ వాళ్ళది, ఆ గేటెడ్ కమ్యూనిటీ ఇంకొకళ్ళది. పిల్లలు ఒకరికొకరు ఎదురుపడకుండానే డిగ్రీ దాకా వచ్చేస్తారు.

దక్కన్‌లో ఈ గీత ఎన్నిసార్లు చోటు మారిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పదిహేనో శతాబ్దంలో బీదర్ బహమనీ దర్బారును రెండుగా చీల్చింది మతం కాదు. ఇక్కడే పుట్టి పెరిగిన దక్కనీలు ఒకవైపు, ఇరాన్ వైపు నుంచి వచ్చిన అఫాఖీలు ఒకవైపు. ఇద్దరూ ముస్లింలే. ఇరాన్ నుంచి వర్తకానికి వచ్చి ప్రధానమంత్రి అయిన మహమూద్ గవాన్ పదవులు ఇద్దరికీ సమానంగా పంచి చూశాడు. ప్రత్యర్థులు అతని ముద్రతో దొంగ ఉత్తరం పుట్టించారు. 1481లో సుల్తాను తల తీయించాడు. కొన్ని దశాబ్దాల్లో రాజ్యం అయిదు ముక్కలైంది. ఆ ముక్కల్లో ఒకటి గోల్కొండ. దాన్ని నిలబెట్టిన కులీ కుతుబ్ షా కూడా ఇరాన్ నుంచి వచ్చినవాడే. 1591లో హైదరాబాద్ కట్టింది ఆ బయటివాళ్ళ వంశమే.

నిజాం కాలానికి గీత ముల్కీలకూ, అంటే స్థానికులకూ, ఉత్తరాది నుంచి వచ్చిన ఉద్యోగులకూ మధ్యకు చేరింది. 1952లో అదే ముల్కీ మాట కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగుల మీదికి మళ్ళింది. "నాన్ ముల్కీ గో బ్యాక్", "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని విద్యార్థులు వీధికెక్కారు, సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1969లో మళ్ళీ ఉద్యమం, 1972లో అటువైపు నుంచి జై ఆంధ్ర, చివరికి 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం. విభజనకు ముందు టీవీ చర్చలు గుర్తున్నవాళ్ళకు ఆ టెన్షన్ గుర్తుండే ఉంటుంది. సెటిలర్ల గతేమిటి, ఇళ్ళేమిటి, వ్యాపారాలేమిటి? తీరా 2016 ఫిబ్రవరిలో జీహెచ్ఎంసీ ఎన్నికలొస్తే, తెలంగాణ ఉద్యమాన్ని నడిపిన టీఆర్ఎస్ 150 డివిజన్లలో 99 గెలిచింది. కోస్తా వాళ్ళు ఎక్కువగా ఉండే కూకట్‌పల్లి వైపు కూడా గెలిచింది. అరవై ఏళ్ళ గీత, గొడవ తేలిన రెండేళ్ళలో సగానికి సగం చల్లబడింది.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. ముల్కీ గొడవ వెనుక ఉద్యోగాలు, నిధులు, నీళ్ళు ఉన్నాయి. నిలబెట్టుకోని హామీలున్నాయి. అన్యాయం జరిగిందని ఒక గుంపు లేచి నిలబడితే దాన్ని ఉత్త గుంపు బుద్ధి అని కొట్టిపారేయడం పై మెట్టు మీద కూర్చున్నవాళ్ళకు సుఖంగా ఉంటుంది. దళితులు తమ పేరుతో సంఘం పెట్టుకోవడమూ, ఫలానా కులానికి ఇల్లు ఇవ్వం అనడమూ ఒకటే రకం గుంపుతనం అనేవాళ్ళు రెండింటినీ సరిగ్గా చూడలేదు. కూకట్‌పల్లిలో వేడి తగ్గడానికి కారణం ఉపన్యాసాలు కావు. పేచీకి ఏదో ఒక పరిష్కారం దొరికింది కాబట్టి తగ్గింది.

గీతలు రక్తంలోనే ఉన్నాయనేవాళ్ళు హబ్సిగూడ దాకా వెళ్తే చాలు. అక్కడి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లో ఒక అధ్యయనం వెలువరించారు. దేశంలోని 25 సమూహాల డీఎన్ఏ చూస్తే దాదాపు అందరూ రెండు పాత జనాభాల కలయికే. పాళ్ళు వేరు, అంతే. 2013లో ఇంకో అడుగు వేశారు. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా జోరుగా సాగిందని, పై కులం, కింది కులం, అడవిలో జనం అని లేకుండా అందరూ అందులో ఉన్నారని తేలింది. ఆ తర్వాత ఆగిపోయింది. ఎవరి పెళ్ళిళ్ళు వాళ్ళలోనే.

ఆగిపోయాక ఏమైందో మన ఆపరేషన్ థియేటర్లలో కనబడుతుంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే ఒక మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే లోపిస్తుంది. అలాంటివాళ్ళకు కండరాల పట్టు చాలాసేపటి దాకా తిరిగి రాదు, ఊపిరి యంత్రంతో ఆడించాల్సి వస్తుంది. ఈ లోపం మిగతావాళ్ళతో పోలిస్తే వైశ్యుల్లో సుమారు వంద రెట్లు ఎక్కువ. తక్కువ ఎక్కువల సంగతి కాదిది. కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చి, రెండు వేల ఏళ్ళుగా బయట సంబంధం చేయకపోతే ఏ సమూహంలోనైనా ఇలాంటిదొకటి పోగుపడుతుంది. 2017లో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను చూసిన అధ్యయనంలో ఇలా బిగుసుకుపోయినవి 81 తేలాయి. ముందు రక్తం కలిసే ఉంది. గీత తర్వాత పడింది. ఆ గీతను తరతరాలుగా ఎంత నిష్ఠగా పాటించామంటే, చివరికి అది రక్తపరీక్షలో కూడా తెలిసిపోతోంది.

ఇక కత్తుల దాకా వెళ్ళిన గీత. హైదరాబాద్‌లో 1978, 1983, 1984, 1990 అల్లర్లు చూసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. 1990 డిసెంబరులో వందమందికి పైగా చనిపోయారు. ఆ రక్తపాతం నడుమే ముఖ్యమంత్రి చెన్నారెడ్డి దిగిపోయారు. వెనుక సొంత పార్టీలోని కుమ్ములాట ఉందన్న మాట అప్పట్లోనే గట్టిగా వినబడింది. పాతబస్తీలో పక్కపక్కన దుకాణాలు పెట్టుకున్నవాళ్ళ నరనరానా పగ ఉంటే రోజూ అల్లరే జరగాలి. రోజూ జరగలేదు, కొన్ని రాత్రులు జరిగింది. ఆ రాత్రులకు పుకారు పుట్టించేవాడు, కిరాయి మూక, చూసీచూడనట్టు పోయే అధికారి అవసరం.

రాజకీయ శాస్త్రవేత్త ఆశుతోష్ వార్ష్ణేయ 1950 నుంచి 1995 దాకా హిందూ ముస్లిం అల్లర్ల లెక్క తీస్తే, చనిపోయినవాళ్ళలో దాదాపు సగం మంది కేవలం ఎనిమిది నగరాల వాళ్ళు. అందులో హైదరాబాద్ ఒకటి. పల్లెల్లో పోయిన ప్రాణాలు నూటికి నాలుగు కూడా లేవు. ఆయన హైదరాబాద్‌ను లక్నోతో పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ నవాబుల నగరాలు, రెండింట్లోనూ ముస్లిం జనాభా గట్టిగానే ఉంది. లక్నోలో హిందూ ముస్లిం అల్లర్లు లేనట్టే. చికన్‌కారీ అనే ఎంబ్రాయిడరీ పనిలో పెట్టుబడి పెట్టే వ్యాపారులు ఎక్కువగా హిందువులు, కుట్టేవాళ్ళు ఎక్కువగా ముస్లింలు. కర్ఫ్యూ పెడితే రెండు పొయ్యిలూ ఆరిపోతాయి. అలాగని లక్నో శాంతమూర్తి ఏం కాదు. అక్కడ షియాలూ సున్నీలూ తలలు పగలగొట్టుకున్నారు. 1977లో మొహర్రం ఊరేగింపులే నిషేధిస్తే రెండు దశాబ్దాలు ఆ నిషేధం నడిచింది. మన దగ్గర అదే మొహర్రానికి బీబీ కా ఆలం అనే ధ్వజం ఏనుగు మీద దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా వెళ్తుంది, సున్నీలూ హిందువులూ దారిపొడవునా నిలబడి చూస్తారు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ చేసేది చాలాచోట్ల హిందువులే. మతాలు అవే, మనుషుల స్వభావం అదే. ఒక ఊళ్ళో ఈ గీత మండితే ఇంకో ఊళ్ళో ఆ గీత మండింది.

వార్ష్ణేయ తేల్చిన ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. పల్లెలో పలకరింపులు, పెళ్ళి భోజనాలు సరిపోతాయి, ఎందుకంటే అందరికీ అందరూ తెలుసు. లక్షల మంది ఉన్న నగరంలో అవి చాలవు. అక్కడ రెండు వైపులవాళ్ళూ కలిసి నడిపే వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, క్లబ్బులు కావాలి. రాత్రి పదింటికి ఫలానా చోట గుడి కూల్చారనో, మసీదు మీద రాళ్ళు వేశారనో పుకారు లేస్తే, అటువైపు ఒకరికి ఫోన్ చేసి నిజమేమిటో కనుక్కోగల మనిషి ఇటువైపు ఉండాలి. ఆ నంబరు ఫోన్లో ముందే ఉండాలి.

మరి గీతను జరిపేదెలా? కలిసి కూర్చుంటే చాలనుకుంటే పొరపాటు. ముజఫర్ షెరీఫ్ అని, చిన్నప్పుడు టర్కీలో జాతుల కొట్లాటలు కళ్ళారా చూసి అమెరికాకు చేరిన శాస్త్రవేత్త. 1954లో ఓక్లహామాలో 22 మంది అబ్బాయిల్ని రెండు జట్లుగా చేసి వేసవి శిబిరానికి తీసుకెళ్ళాడు. ఆటల పోటీలు పెట్టగానే జెండాలు తగలబెట్టుకున్నారు, ఒకరి గదుల మీద ఒకరు పడ్డారు. సరే కలుపుదామని సినిమాకి, భోజనాలకి ఒకచోట కూర్చోబెడితే గొడవ పెరిగింది, పళ్ళేలు ఎగిరాయి. చివరికి శిబిరానికి నీళ్ళు ఆగిపోయేలా చేశాడు. పైపు పొడవునా రెండు జట్లూ కలిసి వెతకాల్సి వచ్చింది. తిండి తెచ్చే లారీ మొరాయిస్తే, అంతకుముందు పోటీపడి లాగిన తాడుతోనే అందరూ కలిసి లారీని లాగారు. ఇలాంటివి కొన్నయ్యాక చాలామంది ఒకే బస్సులో ఇంటికి పోతామన్నారు.

ఇది అందరూ చెప్పే కథ. నాకు ఎక్కువ నచ్చేది దీనికి ఏడాది ముందు ఫెయిలైన ప్రయోగం. 1953లో న్యూయార్క్ రాష్ట్రంలో షెరీఫ్ పిల్లల్ని ముందు కలిపి ఉంచి, స్నేహాలు కుదిరాక రెండు జట్లుగా విడదీశాడు. సిబ్బంది ఎంత ఎగదోసినా పిల్లలు కొట్టుకోలేదు. పెద్దవాళ్ళే ఏదో చేస్తున్నారని పసిగట్టారు కూడా. ప్రయోగం మూట కట్టేశారు. గీత పడేలోపే స్నేహం కుదిరితే ఎగదోసేవాడి పని కష్టమవుతుంది.

అదే 1954లో మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ పెట్టిన షరతులు ఇప్పటికీ పనికొస్తున్నాయి. కలిసినవాళ్ళు ఆ చోట సమాన హోదాలో ఉండాలి, లక్ష్యం ఒకటే కావాలి, ఒకరి మీద ఒకరు ఆధారపడి పని చేయాలి, పైన ఉన్నవాళ్ళ మద్దతు ఉండాలి. పనిమనిషి పాతికేళ్ళుగా మన ఇంట్లోనే తిరుగుతున్నా ఆమె గ్లాసు వేరుగానే ఎందుకు ఉంటుందో మొదటి షరతులోనే దొరుకుతుంది. మ్యాట్ లోవ్ అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో నెల రోజుల క్రికెట్ లీగులు పెట్టి, ఏ టీములో ఏ కులం కుర్రాళ్ళుండాలో లాటరీ తీశారు. 2021లో ఫలితం వచ్చింది. వేరే కులంవాడితో ఒకే టీములో ఆడినవాళ్ళకు బయట కూడా అవతలి కులంలో స్నేహాలు పెరిగాయి, సొంత కులం మీద పక్షపాతం తగ్గింది. వేరే కులాల టీములతో ప్రత్యర్థులుగా ఆడినప్పుడు మొత్తం మీద దీనికి తలకిందులు. అదే గ్రౌండు, అదే బంతి.

ఆశకు ఒక హద్దు కూడా ఉంది. ఐసిస్ పోయాక ఇరాక్‌లో సల్మా మూసా అనే పరిశోధకురాలు క్రైస్తవుల ఫుట్‌బాల్ టీముల్లో ముస్లింలను చేర్చి చూశారు. తమతో ఆడిన ముస్లింలతో క్రైస్తవ కుర్రాళ్ళకు బాగానే కుదిరింది. గ్రౌండు దాటి, ముస్లింలు ఎక్కువగా ఉండే ఊళ్ళో హోటలుకు వెళ్ళడానికి మాత్రం కాలు కదల్లేదు. తెలిసిన మనిషి మీద నమ్మకం తెలియని గుంపు దాకా పాకడానికి చాలా టైం పడుతుంది.

కష్టం వస్తే అందరూ ఒకటవుతారు అనే మాట కూడా సగమే. 2020 మార్చిలో అందరం కలిసి చప్పట్లు కొట్టాం. ఏప్రిల్ వచ్చేసరికి వైరస్‌కు కూడా మతం అంటగట్టాం. గచ్చిబౌలి టవర్లు కట్టిన కూలీలు మండుటెండలో నడక మొదలుపెట్టారు. దేశంలో మొదటి వలస కార్మికుల రైలు మే 1న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్ళింది, సుమారు 1,200 మందితో. కష్టం అందరికీ ఒకటే అన్నాం గానీ ఇంట్లో కూర్చునే వీలు అందరికీ లేదు. ఆల్‌పోర్ట్ మొదటి షరతు అక్కడే తప్పింది.

అయినా నేను నిరాశపడే పక్షం కాదు. 1958లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభలో మశూచిని భూమ్మీద లేకుండా చేద్దామన్నది సోవియట్ ప్రతినిధి విక్టర్ జ్దానోవ్. టీకాలు కోట్ల డోసుల్లో ఇచ్చింది సోవియట్ యూనియన్. తర్వాత కార్యక్రమాన్ని నడిపింది అమెరికన్ డాక్టర్ డి.ఎ. హెండర్సన్. మధ్యలో 1962లో ఆ రెండు దేశాలూ అణుయుద్ధం అంచు దాకా వెళ్ళొచ్చాయి. ఒకరంటే ఒకరికి ప్రేమా లేదు, నమ్మకమూ లేదు. 1975లో మన దేశంలో, 1977లో సోమాలియాలో సహజంగా సోకిన చివరి కేసులు. 1980లో మశూచి లేదని ప్రకటించారు. మనుషులంతా ముందు ఒకరినొకరు ప్రేమించుకోవాలి, తర్వాతే కలిసి పని చేయగలరు అనుకుంటే మనకింకా పోచమ్మ గుడి దగ్గర ఆ భయం అలాగే ఉండేది.

మన ఊళ్ళో కూడా ఇలాంటిది జరిగింది. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. ట్యాంక్‌బండ్ వైపు లక్షల జనం, పాతబస్తీలో మిలాద్ ఊరేగింపు, ఒకటే రోజు. పోలీసులు, రెండు వైపుల పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నాక మిలాద్ నిర్వాహకులు తమ ఊరేగింపును అక్టోబరు 1కి జరుపుకున్నారు. మరుసటి ఏడాది రెండూ మళ్ళీ పక్కపక్కన వస్తే మళ్ళీ జరుపుకున్నారు. పేపర్లో లోపలి పేజీ వార్త అది. అల్లరి జరిగితే మొదటి పేజీ.

అసలు పరీక్ష పిల్లల దగ్గర ఉంది. ఢిల్లీలో ఖరీదైన ప్రైవేటు స్కూళ్ళు పేదపిల్లలకు సీట్లివ్వాలన్న నిబంధన వచ్చాక ఏమైందో గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త చూశారు. పేద క్లాస్‌మేట్లున్న డబ్బున్న పిల్లల్లో ఇచ్చే గుణం పెరిగింది, టీముకు మనుషుల్ని ఎంచుకునేటప్పుడు పేదవాళ్ళను పక్కన పెట్టడం తగ్గింది. తెలంగాణలో ఇన్నాళ్ళూ ఎస్సీ గురుకులం వేరు, బీసీ గురుకులం వేరు, మైనారిటీ గురుకులం వేరు. వాటిని ఒకే ప్రాంగణంలోకి తెస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూళ్ళకు శంకుస్థాపనలు చేసింది. కాగితం మీద ఆల్‌పోర్ట్ షరతులు చాలావరకు ఉన్నాయి. ప్రాంగణం ఒకటై లోపల బ్లాకులు వేరైతే షెరీఫ్ శిబిరమే అవుతుంది. కాబట్టి చూడాల్సింది కాంపౌండు గోడను కాదు. ఒకే గదిలో పడుకుంటున్నారా, ఒకే మెస్ టేబుల్ దగ్గర తింటున్నారా, కబడ్డీ టీములు ఎలా వేస్తున్నారు అన్నది చూడాలి. నెలకు వేలకు వేలు ఫీజు కట్టే ప్రైవేటు స్కూళ్ళ పిల్లలు మాత్రం ఈ లెక్కలో ఎక్కడా లేరు, వాళ్ళను కలిపే పథకం ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ నాకు కనబడలేదు.